పాఠాంతరాల బండి

పాత మోటార్ సైకిల్‌ని మళ్లీ నడిచేలా చేయడాన్ని ఇంగ్లీషులో రిస్టోరేషన్ అంటారు. దానికి మనకున్న పెద్ద మాటలన్నీ గుళ్ల నుంచి వచ్చినవే: పునరుద్ధరణ, జీర్ణోద్ధరణ. అరకులో మెకానిక్ షెడ్డు దగ్గర ఈ మాటలు పనికిరావు. అక్కడ వాడేది ఒకటే మాట, బాగుచేయడం. ఆ మాటలో ఒక సౌకర్యం ఉంది. బాగంటే ఏమిటో ముందే తేల్చుకోనక్కర్లేదు, బండి నడిస్తే బాగైనట్టే. రిస్టోరేషన్ అనగానే మాత్రం ఏదో ఒక పాత స్థితిని ఎంచుకుని అక్కడికి వెనక్కి నడవాలి. ఏ స్థితికి? షోరూమ్‌లోంచి బయటికొచ్చిన రోజుకా? ఆ తర్వాత నలభై ఏళ్లలో ఇంకేదైనా రోజుకా? నా చేతికొచ్చిన బండి ఈ ప్రశ్నని ఏడాదిన్నర పాటు వదలకుండా అడిగింది.

బండి యెజ్డీ 250. తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. చెకోస్లవేకియాలో 1929లో మొదలైన జావా మోటార్ సైకిళ్లని మనదేశంలో తయారు చేయడానికి రుస్తుం ఇరానీ, ఫరోఖ్ ఇరానీ 1960ల మొదట్లో మైసూరులో ఐడియల్ జావా కంపెనీ పెట్టారు. 1970లలో బండి పేరు యెజ్డీ అయింది. ఇరాన్‌లో యజ్ద్ అనే ఊరుంది, పార్శీల పూర్వీకుల నేల, ఆ పేరు అక్కడినుంచి వచ్చింది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు షోరూముల్లో కనిపించే జావా, యెజ్డీలు 2018 తర్వాత వేరే కంపెనీ మళ్లీ తెచ్చిన బళ్లు. పాత యెజ్డీకి ఉన్నది ఒకే సిలిండర్, కానీ సైలెన్సర్లు రెండు. కిక్ రాడ్డూ గేర్ రాడ్డూ ఒకటే. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, స్టార్టయ్యాక ముందుకి వాల్చేస్తే గేరు. కొత్తవాళ్ల చేతికి బండిస్తే స్టార్ట్ చేయడం తెలియక చుట్టూ తిరిగి చూస్తారు. పాత యెజ్డీ ఉన్నవాళ్లందరికీ ఇదో చిన్న వినోదం.

ఈ బండి మా పెదనాన్నది. ఆయనది శృంగవరపుకోట. అనంతగిరి ఘాట్ ఎక్కి ఏజెన్సీ సంతలు తిరిగి వ్యాపారం చేసేవాడు. ఉప్పు, ఎండుచేపలు, సబ్బులు, లుంగీలు పైకి; పసుపు, చింతపండు, వలిసెలు, రాజ్మా కిందికి. పెద్ద సరుకు జీపులో వెళ్లేది, జీపు వెళ్లలేని ఊళ్లకి యెజ్డీ. మా ఇంట్లో ఆయన కథ ఎప్పుడూ ఒకేలా చెప్పేవాళ్లు: కొండవాళ్లకి ఉప్పు మోసిన మనిషి, వానలో గెడ్డలు దాటిన మనిషి, ఆ బండి మీదే ముగ్గురు పిల్లల్ని చదివించిన మనిషి. మోకాళ్లు అరిగిపోయాక సంతలు మానేశాడు. బండి అరకులో ఆయన సరుకు దింపుకునే అద్దె గది వసారాలో ఉండిపోయింది. ఆయన పోయాక వాళ్లబ్బాయి, అంటే మా అన్నయ్య, ఫోన్ చేశాడు. "గది ఖాళీ చేసేస్తున్నాన్రా. బండి పాత సామాన్లోడికి ఇచ్చేద్దామనుకుంటున్నాను. నువ్వు ఇంజనీరువి కదా, కావాలంటే ఉంచుకో."

నేను ఇంజనీరునే. నాలుగేళ్లు చదివాను, పదేళ్లకు పైగా సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను, పది నంబరు స్పానర్ ఏ బోల్టుకి పడుతుందో మాత్రం ఆ చదువులో ఎక్కడా రాలేదు. బండిని విశాఖ తెచ్చుకునే ఆలోచన ఉండేది. అరకు స్టేషన్ దారిలో షెడ్డున్న ఒక పాత మేస్త్రి దాన్ని చూసి, "ఇక్కడే ఇప్పుదాం బాబూ, సామాను కొండమీదే ఉంటాది" అన్నాడు. అలా శనివారాలు పొద్దున్నే కిరండూల్ ప్యాసింజర్ ఎక్కడం అలవాటైంది. బొర్రా దగ్గర టూరిస్టులు దిగిపోయాక బోగీలో కొంచెం చోటు దొరికేది. ఒళ్లో ఎప్పుడూ ఏదో ఒక పార్టు: ఒకసారి బేరింగులు, ఒకసారి రంగు డబ్బా, ఒకసారి పిస్టన్ రింగులు.

మొదటి రెండు నెలలు విప్పడమే. కోడిగుడ్ల అట్టలు తెచ్చుకుని ఒక్కో గుంటలో ఒక్కో చోటి స్క్రూలు వేసి, పక్కన పేరు రాసుకున్నాను. విప్పే ముందు ఒక ఫోటో, విప్పాక ఇంకొకటి. పిస్టన్ తుప్పుకి సిలిండర్‌లో పట్టేసి ఉంది. ప్లగ్గు తీసి ఆ కన్నంలోంచి డీజిలూ ఆయిలూ కలిపి పోసి వదిలేశాం. మూడో శనివారానికి వెనక చక్రం గేర్లో పెట్టి ఊపితే వెంట్రుకవాసి కదిలింది. కొత్తగా ఈ పని నేర్చుకునేవాళ్లకి నేను చెప్పగలిగింది ఇదొక్కటే: సుత్తి కన్నా వారం రోజులు బలమైనవి. తర్వాత ఇగ్నిషన్. ఇందులో కంప్యూటర్ లేదు, సెన్సార్ లేదు. తిరిగే క్యామ్ రెండు చిన్న లోహపు బిళ్లల్ని విడదీస్తుంది, విడిన క్షణంలో స్పార్క్ పుడుతుంది. ఆ సందు 0.4 మిల్లీమీటర్లకి దగ్గరగా ఉండాలి, పిస్టన్ పైకొసకి ఇంకొన్ని మిల్లీమీటర్లుండగా విడాలి. పదేళ్లుగా నేను రాసిన ప్రోగ్రాముల్లో ఏదీ ఇంత స్పష్టంగా కళ్లెదుట పనిచేయలేదు.

విప్పుతున్నకొద్దీ తెలిసిందేమంటే, ఇది యెజ్డీ అని చెప్పడమే కష్టం. ఇంజనూ ఛాసిస్సూ మైసూరువి. ట్యాంకు ఇంకేదో బండిది. రెండు సైలెన్సర్ల చోట ఒక్కటే, రెండు గొట్టాల్నీ కలిపి అతికి కుడివైపు సీటు ఎత్తుకి లేపారు. వెనక స్ప్రింగులు ఏదో త్రీవీలర్‌వి. వెనక చైను మీద ఉండాల్సిన రేకు డబ్బా లేదు. సీటు వెనక ఇల్లు కట్టే ఇనపకడ్డీతో మంచంలాంటి క్యారియర్. హ్యాండిల్ బిగింపులో సందు పూడ్చడానికి కత్తిరించి పెట్టిన రేకు మీద తాటిచెట్టు బొమ్మ ఇంకా కనిపిస్తోంది. డాల్డా డబ్బా. అన్నిటి మీదా తలుపులకేసే ఆకుపచ్చ రంగు, బ్రష్షుతో.

మోటార్ సైకిల్ బాగుచేస్తున్నానంటే సాహిత్యం చదివే మిత్రులు వెంటనే రాబర్ట్ పిర్సిగ్ 1974 పుస్తకం చదివావా అని అడుగుతారు. చదివాను. చాలా భాగం నాకు ఎక్కలేదు, తండ్రి ఉపన్యాసం నడుస్తుంటే వెనక సీట్లో కూర్చున్న పిల్లాడి మీదే నా ధ్యాసంతా. ఒక్క ఘట్టం మాత్రం ఈ షెడ్డులో పనికొచ్చింది. స్నేహితుడి ఖరీదైన బీఎండబ్ల్యూ హ్యాండిల్ జారుతుంటే, బీరు డబ్బా రేకు కత్తిరించి సందులో పెడతానంటాడు కథకుడు. రేకు మంచిదే, పని అవుతుంది, కానీ స్నేహితుడు అవమానంగా చూస్తాడు. మా పెదనాన్న ఆ పుస్తకం పేరు కూడా విని ఉండడు. ఆయన డాల్డా డబ్బా తెరిచాడు.

మొదట్లో నా ఉద్దేశం స్పష్టమే. ఇవన్నీ పీకేసి, అసలు పార్టులు వెతికి, 1980ల నాటి నల్లరంగు యెజ్డీని నిలబెట్టాలి. మైసూరులో, బెంగళూరులో, హైదరాబాదులో ఈ బళ్లని ప్రాణంగా చూసుకునే మనుషులున్నారు, పార్టులు దొరుకుతాయి. ఆ జాబితా రాసుకుంటుంటే మేస్త్రి అడిగాడు: "ఏటి బాబూ, దీన్ని బండి సేస్తావా, బొమ్మ సేస్తావా?"

జవాబు చెప్పలేదు కానీ, ఆ తర్వాత ఒక్కో మార్పునీ పీకే ముందు ఎందుకు చేసుంటారని చూడడం మొదలుపెట్టాను. ఉద్యోగంలో అదే పని కదా, ఎవరో వెళ్లిపోయినవాళ్లు రాసిన కోడ్‌లో వింత లైను కనిపిస్తే చెరిపేముందు దానికి కారణం వెతుకుతాం. వెనక స్ప్రోకెట్ పళ్లు లెక్కపెడితే కంపెనీ ఇచ్చినదానికన్నా ఎక్కువున్నాయి. పళ్లు పెరిగితే వేగం తగ్గి లాగే బలం పెరుగుతుంది. శృంగవరపుకోట దాటిన కాసేపటికి మొదలై అరకు చేరేసరికి సముద్రమట్టానికి 900 మీటర్ల పైకి తెచ్చే రోడ్డు మీద, వెనక ఉప్పు బస్తాతో, కావలసింది అదే. పెద్ద స్ప్రోకెట్ కంపెనీ రేకు డబ్బాలో పట్టదు, అందుకే డబ్బా పోయింది. డబ్బా లేకపోతే దుమ్ముకి చైను త్వరగా అరుగుతుంది, అందుకే సీటు కింద చైనుకి పూసే పాత ఆయిల్ సీసా. కార్బరేటర్‌లోని మెయిన్ జెట్ మీద నంబరు భూతద్దంతో చదివితే అదీ అసలుకన్నా చిన్నది. ఆ ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రం ఒడ్డున ఉన్నదానిలో దాదాపు 90 శాతం. గాలి తగ్గినప్పుడు పెట్రోలు కూడా తగ్గకపోతే ప్లగ్గు నల్లబడిపోతుంది. లేపిన సైలెన్సర్ సంగతి చెప్పక్కర్లేదు, గెడ్డ దాటాలిగా. టూ స్ట్రోక్ ఇంజన్‌లో సైలెన్సర్ శబ్దం తగ్గించే డబ్బా మాత్రమే అనుకోకూడదు, ఇంజన్ ఊపిరి దానిమీద ఆధారపడుతుంది. రెంటినీ ఒకటి చేయడంతో కొంత బలం పోయే ఉంటుంది. వరదలో ఆగిపోయే బండి కన్నా నీరసంగా నడిచే బండే మేలనుకున్నారు.

బండిలో కనిపించని సంగతి ఒకటి మేస్త్రి చెప్పాడు. "దిగేటప్పుడు ఏక్సిలేటర్ అదేపనిగా మూసీకు బాబూ, బండి దాహానికి సచ్చిపోతాది." ఈ ఇంజన్‌కి వేరే ఆయిల్ ట్యాంకు లేదు, పెట్రోల్లో కలిపిన ఆయిలే పిస్టన్‌కి తడి. నేనిప్పుడు లీటరుకి 40 మిల్లీలీటర్లు కలుపుతున్నాను. ఘాట్ దిగేటప్పుడు యాక్సిలరేటర్ మూసేస్తే పెట్రోలు ఆగుతుంది, దాంతో ఆయిలూ ఆగుతుంది, కానీ చక్రం ఇంజన్‌ని తిప్పుతూనే ఉంటుంది. అలా మైళ్లకొద్దీ దిగితే పిస్టన్ పట్టేస్తుంది. అందుకే కొండ మీద టూ స్ట్రోక్ నడిపేవాళ్లు దిగుతూ మధ్యమధ్యలో క్లచ్ పట్టి ఒకసారి రేజ్ చేస్తారు. ఘాట్ రోడ్డు మీద పాత బండి ఆగాగి అరుస్తూ దిగుతుంటే కుర్రాళ్ల వేషాలని అనుకునేవాణ్ణి. దాహం తీరుస్తున్నారన్నమాట.

ఇదంతా చూశాక అసలు రూపం అన్న మాట మీద నా నమ్మకం సడలింది. ప్రభుత్వానికి మాత్రం ఇందులో అనుమానం లేదు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ వాహనమంటే 50 ఏళ్లు దాటి ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులేవీ ఉండకూడదు. ఆ లెక్కన ఇంట్లో గుడ్డ కప్పి ఉంచిన బండి చరిత్ర అవుతుంది, కొండలు తిరిగిన బండి కాదు.

ఇక్కడ నాకు సాయపడింది మోటార్ సైకిల్ పుస్తకాలు కాదు. పూనాలో భండార్కర్ సంస్థ 1919లో మొదలుపెట్టి 1966 దాకా మహాభారతం సంశోధిత ప్రతి తయారు చేసింది. వందలకొద్దీ రాతప్రతుల్ని పోల్చి, ప్రక్షిప్తాలనుకున్నవాటిని మూలంలోంచి తీశారు. తీసి పారేయలేదు. పేజీ అడుగున పాఠాంతరాలుగా, పొడుగాటివైతే అనుబంధాలుగా అచ్చు వేశారు. ఏ ప్రాంతపు ప్రతిలో ఏది చేరిందో అక్కడ చూడొచ్చు. తర్వాతివాళ్లలో కొందరికి మూలం కన్నా ఆ అనుబంధాలే ఎక్కువ పనికొచ్చాయి. మనదగ్గర బ్రౌన్ 1829లో వేమన పద్యాల్ని అచ్చువేసినప్పుడు ఎదుర్కొన్నదీ ఇలాంటిదే. ఎన్ని తాటాకులు పోగైతే అన్ని వేమనలు, ఏది వేమన చెప్పింది, ఏది వేమన పేరుతో జనం చెప్పుకున్నది? మా బండి కూడా ఒక రాతప్రతి. మైసూరు మూలం, పైన అరకు పాఠం. నేను చేయాల్సింది తీసిందేదో, ఎక్కడినుంచి తీశానో రాసిపెట్టుకోవడం. అలా ఒక రేకు పెట్టె కొని, తీసిన ప్రతిదానికీ చీటీ కట్టడం మొదలుపెట్టాను. స్ప్రోకెట్, జెట్టు తీయకూడదనే అనుకున్నాను. ట్యాంకు మార్చాలి, పాతది అడుగు తినేసింది. రంగు విషయంలో ఇంకా ఊగిసలాటే.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. క్యారియర్ ఎడమ మూలలో నిలువుగా వెల్డింగ్ చేసిన ఇనపగొట్టం. జానెడు పొడవు, పైన తెరిచి ఉంది, అడుగున మూసి ఉంది. మేస్త్రి జెండా కర్రకేమో అన్నాడు, ఎన్నికలప్పుడు. ఆయన కుర్రాడు గొడుక్కి అన్నాడు. రెండూ నప్పలేదు. వెల్డింగ్ చాలా గట్టిగా ఉంది, గొడుగు కోసం అంత పని ఎవరూ చేయరు.

బండి స్టార్టయిన వారమే దాన్ని సంతకి తీసుకెళ్లాను. రంగు లేదు, సీటు మీద గోనెపట్టా. పసుపు రాశుల పక్కన ఆపితే ఒక ముసలాయన వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. ఇంజన్ కేసి చూడలేదు. తిన్నగా వెనక్కెళ్లి ఆ గొట్టంలో వేలు పెట్టాడు.

"సావుకారి బండి" అన్నాడు.

మా పెదనాన్నదని చెప్పాను. "నాకు పెదనాన్న అవుతారు తాతా. పోయారు, రెండేళ్లయింది."

"పోయాడా? మంచోడే." కాసేపాగి, "ఇందల కర్ర పెట్టీవోడు. కర్రకి తక్కెడ కట్టీవోడు. బండి స్టాండేసి తూసీవోడు."

ఎంత తేలిక! డబుల్ స్టాండ్ మీద నిలబెట్టిన బండి, వెనక గొట్టంలో కర్ర, కర్రకి వేలాడే తక్కెడ. చెట్టు కొమ్మ దొరకని సంతలో కూడా ఎక్కడ ఆగితే అక్కడే దుకాణం. ఇంతకన్నా తెలివైన మార్పు ఈ బండి మీద ఇంకొకటి లేదు. నేను ఆ మాటే అన్నాను, ఆయన తలూపాడు.

"కొన్నప్పుడు ఒక రాయి, అమ్మినప్పుడు ఒక రాయి. అప్పుడు అందరిదీ అంతే బాబూ" అని వెళ్లిపోయాడు. గొంతులో కోపం లేదు. ఎండ గురించి చెప్పినట్టు చెప్పాడు.

ఇందులో నాకు కొత్త సమాచారమేమీ లేదు. ఏజెన్సీలో మైదానపు వ్యాపారుల తూకాల గురించి, వడ్డీల గురించి, పంట కళ్లంలో ఉండగానే కొనేయడం గురించి చదివే ఉన్నాను. 1917లోనే బ్రిటిష్ ప్రభుత్వం ఏజెన్సీలో వడ్డీకీ భూమి చేతులు మారడానికీ అడ్డుగా చట్టం చేయాల్సి వచ్చింది. గిరిజన సహకార సంస్థని 1956లో పెట్టింది చింతపండుకీ తేనెకీ సరైన తూకం, సరైన ధర ఇచ్చి, ఉప్పూ పప్పూ డిపోల్లో అమ్మి, మధ్యలో వ్యాపారి లేకుండా చేయడానికే. ఈ వాక్యాలు నేనే ఏదైనా పుస్తక సమీక్షలో రాసి ఉండేవాణ్ణి, దళారీ వ్యవస్థ అన్న మాట వాడి, ఇబ్బంది లేకుండా. వ్యవస్థకి డబుల్ స్టాండ్ ఉంటుందని, దాని మీద నా చదువుకి కూడా కొంత సరుకు తూగి ఉంటుందని సమీక్షల్లో రాయం. ఇంజనీరింగ్ రెండో ఏడాది నా ఫీజు కట్టింది పెదనాన్నే.

సీటు కింద సామాన్ల పెట్టెలో స్పానర్లతో పాటు గుడ్డలో చుట్టిన నున్నటి ఏటిరాయి ఒకటి ఉండేది. ఘాట్‌లో ఆగినప్పుడు చక్రానికి అడ్డం పెట్టేదని మేస్త్రి చెబితే, "చక్రం రాయి" అని చీటీ కట్టి రేకు పెట్టెలో వేశాను. సంత నుంచి వచ్చాక దాన్ని విశాఖ తెచ్చి వంటింటి డిజిటల్ కాటా మీద పెట్టాను. 1140 గ్రాములు. రాయి ఎంతైనా తూగొచ్చు. చక్రానికి అడ్డం పెట్టే రాయికి గుడ్డ చుట్టి దాచుకోవడం ఎందుకో మేస్త్రిని అడిగితే, "అదీ నిజమే" అని పనిలో పడ్డాడు.

అన్నయ్యకి చెప్పాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. చెప్పాను. మొదట నవ్వేశాడు. తర్వాత, "ఎవడో ముసలోడు సంతలో ఏదో అన్నాడని నాన్నని దొంగని చేస్తావేంట్రా? ఆయన ఆ ఘాట్‌లో రెండుసార్లు కాలు విరగ్గొట్టుకున్నాడు" అన్నాడు. అదీ నిజమే. ఎడమ ఫుట్‌రెస్ట్ వంగి, మళ్లీ తిన్నగా కొట్టిన గుర్తులు ఛాసిస్ మీద ఉన్నాయి. వాటికీ చీటీ రాశాను, తీయగలిగినవి కాకపోయినా. ఆయన గెడ్డలు దాటిందీ నిజం, కొండ మీద ఉప్పు దొరకని ఊరికి ఉప్పు చేరిందీ నిజం, ఆ ఉప్పు ఏ రాయితో తూగిందన్నదీ ఆ కథలోదే. మా ఇంట్లో చెప్పే ప్రతిలో చివరిది లేదు, అంతే.

"ఆ గొట్టం కోసెయ్యి. బండి బాగుంటుంది" అన్నాడు అన్నయ్య ఆఖర్న.

కోయలేదు. నల్లరంగు వేయించాను, ట్యాంకు యెజ్డీదే దొరికింది, సైలెన్సర్ ఒక్కటే ఉంచాను. డాల్డా రేకు ఎక్కడిదక్కడే ఉంది. క్యారియర్ తుప్పు గీకి ప్రైమర్ కొట్టి వదిలేశాం, గొట్టంతో సహా. మేస్త్రి గొట్టం నోటికి రబ్బరు మూత పెట్టాడు, వాన నీళ్లు నిలవకుండా. పదిహేనేళ్లు దాటిన బళ్లకి ఐదేళ్లకోసారి చేయించాల్సిన రిజిస్ట్రేషన్ పని ఇంకా మిగిలుంది. కుడివైపు పెట్రోలు చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో చూడాలి.

పోయిన నెల బండి మీద శృంగవరపుకోట వెళ్లాను, దారంతా మధ్యమధ్యలో రేజ్ చేస్తూ. అన్నయ్య చుట్టూ తిరిగి చూసి, బాగుందన్నాడు. రేకు పెట్టె తెరిచి చీటీలు ఒక్కొక్కటీ చదివాడు. అందులోంచి రాయి ఒక్కటే అడిగి తీసుకున్నాడు. ఇచ్చాను. చీటీ నా దగ్గరే ఉంది.